ఫినాలే నుంచి మ్యూజ్‌స్కోర్‌కి: ‘స’ ముందా, దీర్ఘం ముందా?

2024 ఆగస్టు 26న మేక్‌మ్యూజిక్ అనే అమెరికా కంపెనీ ఒక ప్రకటన చేసింది. తాము తయారుచేసే ‘ఫినాలే’ సాఫ్ట్‌వేర్‌కి ఇకమీదట కొత్త వెర్షన్లు రావని, అమ్మకం కూడా ఆపేస్తున్నామని. 1988లో మొదలైన ఫినాలే 27వ వెర్షన్‌తో ఆగిపోయింది. ఏడాది తర్వాత కొత్త కంప్యూటర్‌లో దాన్ని యాక్టివేట్ చేసుకోవడం కుదరదని కూడా మొదట అన్నారు. ప్రపంచమంతా గోల చేసేసరికి ఆ ఒక్క మాట వెంటనే వెనక్కి తీసుకున్నారు. ఇప్పటికి నడుస్తుంది, కానీ బాగుచేసే దిక్కు లేదు. రేపు విండోస్ మారితే ఏమవుతుందో చెప్పేవాళ్ళు లేరు.

మన కాలేజీలో ఈ వార్త నా గదిలో తప్ప ఇంకెక్కడా సంచలనం కాలేదు. అందుకే ముందు ఫినాలే అంటే ఏమిటో చెప్పాలి. వ్యాసం రాయడానికి వర్డ్ ఎలాగో, సంగీతం రాయడానికి నొటేషన్ సాఫ్ట్‌వేర్ అలాగ. అయిదు గీతల మీద నల్ల గుండ్లు, తోకలు, వాటి కింద సాహిత్యం. మనం ఎక్కించింది వినిపిస్తుంది, శ్రుతి మార్చమంటే మారుస్తుంది, నలుగురు పాడేదాన్ని నాలుగు విడి కాగితాలుగా తీసి ఇస్తుంది. మాది జమ్మలమడుగు. లండన్ మిషన్ వాళ్ళు ఆసుపత్రి కట్టి, చర్చిలు పెట్టిన ఊరు కాబట్టి సొప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అనే మాటలు మా వీధిలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. మా క్వయర్ సార్ ఇరవై ఏళ్ళుగా తెలుగు కీర్తనలకు నాలుగు గొంతుల హార్మొనీ కట్టి ఫినాలేలో రాసి పెట్టుకున్నారు. మొత్తం 132 ఫైళ్ళు. నేను ఎనిమిదో తరగతి నుంచి ఆయన పక్కన కూర్చుని అదే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించడం నేర్చుకున్నా. ఆయన కంప్యూటర్ వయసు దాదాపు నా చదువంత. అది ఒకరోజు మొండికేస్తే ఆ 132 పాటల్లో సగానికి కాగితం కాపీ కూడా లేదు.

కాబట్టి నాకు పడిన పని రెండు రకాలు. ఫైళ్ళను బయటికి తేవడం ఒకటి, వేళ్ళకు కొత్త అలవాటు నేర్పడం రెండోది. మొదటిది కష్టమని, రెండోది తేలికని అందరూ అనుకుంటారు. నాకైతే తిరగబడింది.

ఫైళ్ళ సంగతి ముందు చూద్దాం. ఫినాలే ఫైలు కంపెనీ సొంత ఫార్మాట్‌లో ఉంటుంది. 2014 వెర్షన్ వచ్చేదాకా డాట్ ఎంయుఎస్, అప్పటినుంచి డాట్ ఎంయుఎస్‌ఎక్స్. లోపల ఏది ఎక్కడ ఉంటుందో కంపెనీ బయటపెట్టలేదు. అందుకని నమ్మకమైన దారి ఒక్కటే: ఫినాలే బతికుండగానే దానిచేతే మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అనే ఉమ్మడి ఫార్మాట్‌లోకి ఎగుమతి చేయించడం. మైకేల్ గుడ్ అనే ఇంజనీరు తయారుచేసిన ఫార్మాట్ ఇది. మొదటి వెర్షన్ 2004లో వచ్చింది. తర్వాత ఆయన సంస్థను మేక్‌మ్యూజిక్కే కొనుక్కుంది. 2015 నుంచి దాని బాగోగులు వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూత్రీసీ కింద ఒక బృందం చూస్తోంది. ఫినాలే 27లో ఎగుమతి మెనూ తెరిస్తే ఫోల్డర్ మొత్తాన్ని ఒక్కసారే మార్చే ఆదేశం ఉంది. టీ తాగి వచ్చేలోపు పని అయిపోతుంది.

“ఎక్స్‌ఎంఎల్ ఎందుకు, మిడి ఫైలు సరిపోదా?” అని నా రూమ్మేట్ అడిగాడు. మంచి ప్రశ్నే. 1983లో వచ్చిన మిడిలో ప్రతి స్వరం ఒక అంకె. మధ్య సి అంటే 60. దాన్ని షడ్జంగా పెట్టుకుంటే 63 ఏమవుతుంది? ఖరహరప్రియలో అది సాధారణ గాంధారం. చలనాటలో అదే మీట షట్‌శ్రుతి రిషభం. మన సంగీతంలో స్వరస్థానాలు పన్నెండు, పేర్లు పదహారు. నాలుగు చోట్ల ఒకే మీటకి రెండేసి పేర్లు. మిడికి మీట మాత్రమే తెలుసు, పేరు తెలియదు. మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ అలా కాదు. అక్షరం ఏది, దాన్ని ఎంత పెంచారు లేదా తగ్గించారు అన్నది విడివిడిగా రాసుకుంటుంది. డి షార్ప్, ఇ ఫ్లాట్ రెండూ ఒకే మీట అయినా దాని లెక్కలో వేరే వేరే. మిడి ఫైలు పాటను వినిపించగలదు గానీ పాట ఎలా రాసి ఉందో చెప్పలేదు.

అయినా ఎక్స్‌ఎంఎల్‌లో అన్నీ రావు. స్వరాలు, కాలప్రమాణం, సాహిత్యం, స్లర్‌లు దాదాపు భద్రంగా వస్తాయి. పేజీలో ఏది ఎక్కడ కూర్చోవాలన్నది సగం సగమే వస్తుంది. అందుకని ప్రతి పాటకీ మూడు తీసి పెట్టుకున్నా: అసలు ఫైలు, ఎక్స్‌ఎంఎల్, పీడీఎఫ్. పాట ఎలా కనపడాలో చెప్పడానికి పీడీఎఫ్ సాక్షి.

అసలు తలనొప్పి సాహిత్యం దగ్గర వచ్చింది, దాని మూలాలు ప్రొద్దుటూరులో ఉన్నాయి. ఫినాలేకి యూనికోడ్ వచ్చింది 2012 వెర్షన్‌లో. అంతకుముందు తెలుగు కావాలంటే అను ఫాంట్లే గతి. ప్రొద్దుటూరులో పెళ్ళికార్డులు, కరపత్రాలు వేసే డీటీపీ షాపుల్లో అందరూ అనులోనే కొట్టేవాళ్ళు. సార్ ఒక షాపులో పాటల పుస్తకం కొట్టించి, అదే పాఠాన్ని ఫినాలేలో అతికించేవారు. అను ఫాంట్‌లో మన కంటికి కనిపించేది తెలుగు బొమ్మ. కంప్యూటర్ దాచుకునేది మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, చిత్రమైన గుర్తులు. ఎక్స్‌ఎంఎల్‌లో దాటి వచ్చేవి ఆ గుర్తులే. కొత్త సాఫ్ట్‌వేర్ వాటిని నిజాయితీగా అలాగే చూపిస్తుంది. చక్కని హార్మొనీ కింద పిచ్చి గీతలు! పాత ఫాంట్ ఎక్కించుకుంటే చూడడానికి బాగుపడుతుంది గానీ ఫోన్‌లో తెరిచే క్వయర్ వాళ్ళకి మళ్ళీ అదే కథ.

దీనికి నేను పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశా. ఎక్స్‌ఎంఎల్‌లో సాహిత్యం ఉన్న ట్యాగులు మాత్రమే వెతికి, అందులోని అను పాఠాన్ని యూనికోడ్‌గా మార్చి, తిరిగి అక్కడే పెడుతుంది. స్వరాల జోలికి పోదు. అనులో వత్తులు, గుణింతాలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి, యూనికోడ్‌లో పలికే వరసలో ఉంటాయి. ‘స్తు’ అంటే యూనికోడ్‌కి స, పొల్లు, త, కొమ్ము అనే నాలుగు సంకేతాలు. ఈ వరస మార్చడమే ప్రోగ్రామ్‌లో ఎక్కువ భాగం. ఇప్పటికీ కొన్ని వత్తుల దగ్గర చేత్తో దిద్దాల్సి వస్తోంది.

ఇక్కడో చిన్న పక్కదారి. ‘క్రీస్తు’ అనే మాట రెండు స్వరాల మీద పాడాలనుకోండి. గొంతు పలికేది ‘క్రీస్–తు’. లిపి విరిచేది ‘క్రీ–స్తు’. ఇంగ్లీషు పాటల్లో హల్లు ముందు స్వరం కింద ఉంటుంది. మన లిపిలో తర్వాతి స్వరం కిందకి పోతుంది. ‘క్రీస్–తు’ అని కొడితే సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటుంది, చదివేవాళ్ళ కన్ను ఒప్పుకోదు. నేను అక్షరం విరగ్గొట్టకుండానే ఉంచేశా. పాడేవాళ్ళకి తెలుగు వచ్చు కదా.

ఇప్పుడు వేళ్ళ సంగతి. దీనికి నా దగ్గర ఒక వివరణ ఉంది. అది సాఫ్ట్‌వేర్ పుస్తకాల్లో దొరకదు, ఎందుకంటే రాసినవాళ్ళెవరికీ సరళీ స్వరాలు ముందు వచ్చి ఉండవు.

ఫినాలేలో స్వరాలు ఎక్కించడానికి రెండు పద్ధతులుండేవి. ఒకటి సింపుల్ ఎంట్రీ: ముందు ఎంత సేపో ఎంచుకో, తర్వాత ఏ స్వరమో చెప్పు. రెండోది స్పీడీ ఎంట్రీ: ముందు స్వరం, తర్వాత కాలం. కీబోర్డు కలిపి ఉంటే ఎడం చేత్తో మీట నొక్కి పట్టుకుని, కుడి చేత్తో అంకె కొట్టాలి. 5 కొడితే ఒక బీటు, 4 కొడితే అర బీటు, 6 అయితే రెండు. మీట పట్టుకోకుండా అంకె కొడితే విరామం పడుతుంది. సార్ స్పీడీలోనే రాసేవారు, నేనూ అదే నేర్చుకున్నా.

మ్యూజ్‌స్కోర్‌లోనూ 5 అంటే ఒక బీటే. పైకి చూస్తే సుఖంగా దాటిపోవాలి. కానీ మామూలుగా అక్కడ ఎన్ కొట్టి రాతలోకి దిగి, ముందు 5 కొట్టి, తర్వాత స్వరం అక్షరం కొట్టాలి. ముందు కాలం, తర్వాత స్వరం. రెండు వారాలు నా వేళ్ళు తడబడ్డాయి. మతిమరుపు వల్ల కాదు. నా బుర్రలో సంగీతం ఆ వరసలో లేదు.

ప్రొద్దుటూరులో వీణ టీచర్ దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నా. మన స్వరలిపి గుర్తుచేసుకోండి. ‘స’ అంటే ఒక అక్షరకాలం. ‘సా’ అంటే రెండు. ఇంకా సాగాలంటే పక్కన కామా పెడితే ఒకటి, సెమికోలన్ పెడితే రెండు. పైన చుక్క పెడితే తారస్థాయి, కింద పెడితే మంద్రం. రెండో కాలానికి నెత్తిన ఒక గీత. అంటే ఈ లిపిలో ముందు పుట్టేది స్వరం. కాలం దానికి దీర్ఘంలాగా తర్వాత వచ్చి అతుక్కుంటుంది. తెలుగు అక్షరం పుట్టేదీ అలాగే, ముందు హల్లు, తర్వాత గుణింతం. స్టాఫ్ నొటేషన్ రాసేవాళ్ళు చాలామంది గుండు ఆకారం (అంటే కాలం) తేల్చుకుని ఆ తర్వాత దాన్ని గీత మీద పెడతారు. స్పీడీ ఎంట్రీ తయారుచేసినవాళ్ళకి మన గుణింతం తెలిసి ఉండదు గానీ, మనలాంటివాళ్ళకి అది సరిగ్గా అమిరింది.

సార్‌కి ఈ మాట చెప్తే నవ్వి, “నేను గా అనుకునేటప్పటికే వేలు దాని మింద ఉంటాది నాయనా. ఎంతసేపన్నది గొంతు ఆపినాక గదా తెలిసేది” అన్నారు. ఆయనకి నేను చెప్పిన సిద్ధాంతం కొత్త కాదన్నమాట.

శుభవార్త ఏమిటంటే ఫినాలే మూతపడ్డాక ఆ జనమంతా వచ్చిపడడంతో మ్యూజ్‌స్కోర్ కొత్త వెర్షన్లలో ‘ముందు స్వరం, తర్వాత కాలం’ అనే పద్ధతి కూడా పెట్టారు. డోరికోలో ఆ వీలు 2020లో వచ్చిన 3.5 వెర్షన్ నుంచే ఉంది. సెట్టింగుల్లో ఒక్క మార్పు. దాని గురించి ముందే తెలిసుంటే ఆ రెండు వారాలు మిగిలేవి. కొత్త సాఫ్ట్‌వేర్‌కి మారేవాళ్ళకి నా మొదటి సలహా ఇదే: మీ బుర్రలో ఏది ముందు వస్తుందో కాగితం మీద పాట రాసి చూసుకోండి, ఆ తర్వాతే ప్రోగ్రామ్ తెరవండి.

డోరికో పేరు ఎత్తాను కాబట్టి దాని గురించి. సిబేలియస్ అనే మరో ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ లండన్ ఆఫీసును దాని యజమానులు 2012లో మూసేస్తే, ఆ బృందాన్ని స్టైన్‌బర్గ్ కంపెనీ తీసుకుంది. వాళ్ళు మొదటి నుంచి రాసుకుని 2016లో విడుదల చేసింది డోరికో. ఫినాలే వాడేవాళ్ళకి 149 డాలర్లకి ఇస్తామని మూతపడిన రోజే ఆఫర్ పెట్టారు. పరిమితులతో ఉచిత వెర్షన్ కూడా ఉంది, నేను వాడి చూసింది అదే. అక్కడ మొదటి దెబ్బ అంకెలకే తగులుతుంది. ఒక బీటుకి 6 కొట్టాలి. నా 5కి అర బీటు పడుతుంది. పాట మొత్తం రెండింతల వేగంతో పరుగెడుతుంది!

కానీ ఆలోచన పరంగా నాకు బాగా నచ్చింది డోరికోయే. ఫినాలేలో, మ్యూజ్‌స్కోర్‌లో బార్ అంటే డబ్బా. నాలుగు బీట్ల డబ్బాలో మూడో బీటు దగ్గర మొదలై నాలుగు బీట్లు సాగే స్వరం ఉంటే, ఈ డబ్బాలో ఒక సగం, పక్క డబ్బాలో ఒక సగం, మధ్యలో కట్టిన టై. రెండు స్వరాలు. డోరికో లెక్కలో అది ఒకటే స్వరం, నాలుగు బీట్ల పొడవు. బార్ గీత దాని మీదుగా పోయింది కాబట్టి బొమ్మ గీసేటప్పుడు రెండుగా చూపిస్తుంది, అంతే. తాళం మార్చి మూడు బీట్లకి పెడితే మళ్ళీ తనే కొత్తగా విరిచి గీసుకుంటుంది. మన స్వరలిపిలో కార్వై తాళం గీత దాటితే ఏం చేస్తాం? గీత అవతల ఇంకో సెమికోలన్ పెడతాం. స్వరం మళ్ళీ రాయం. డోరికో ఆలోచన మనకి అంత దగ్గర. మిశ్రచాపు కావాలంటే 3+2+2/8 అని కొడితే చాలు, గుంపులు కూడా అలాగే విడగొడుతుంది. ఎత్తుగడ ఒక బీటు ముందు మొదలయ్యే పాటకి 4/4 పక్కన కామా పెట్టి 1 అంటే చాలు.

మరి మ్యూజ్‌స్కోర్‌కే ఎందుకు వెళ్ళామంటే, క్వయర్‌లో పదహారు మంది. మ్యూజ్‌స్కోర్ పూర్తిగా ఉచితం, సోర్స్ కోడ్ కూడా తెరిచే ఉంటుంది. ఒకవేళ దాని కంపెనీ రేపు చేతులెత్తేసినా కోడ్ మనుషుల దగ్గరే ఉంటుంది. ఒకసారి కాల్చుకున్నవాళ్ళం, ఈ కారణం ముందు మిగతావన్నీ చిన్నవే.

ఇంకో అలవాటు మానడం కూడా కష్టమే అయింది. ఫినాలేలో ప్రతి పనికీ ఒక పనిముట్టు. సాహిత్యం కదపాలంటే సాహిత్యం పనిముట్టు పట్టుకోవాలి, స్లర్ ముట్టుకోవాలంటే స్మార్ట్ షేప్ పట్టుకోవాలి. వేరేది చేతిలో ఉంటే ఎదురుగా కనిపిస్తున్నా చేతికి చిక్కదు. వడ్రంగి పెట్టెలాగా. మ్యూజ్‌స్కోర్‌లో కనిపించినదాన్ని నొక్కితే చాలు, దాని గుణాలు పక్కన తెరుచుకుంటాయి. అలాగే ఫినాలేలో ఒకదానిమీద ఒకటి పడిన గుర్తుల్ని చేత్తో జరపడం మా నిత్యకృత్యం. మ్యూజ్‌స్కోర్ 3వ వెర్షన్ నుంచి అవి వాటంతట అవే తప్పుకుంటాయి. దిగుమతి చేసిన ఫైళ్ళలో సార్ ఒకప్పుడు జరిపిన జరుపుళ్ళు అలాగే వచ్చి, ఈ ఆటోమేటిక్ సర్దుబాటుతో గొడవపడతాయి. ఫార్మాట్ మెనూలో అన్నీ మొదటి చోటికి పంపే ఆదేశం ఉంది. నేను ఫైలు తెరవగానే చేసే మొదటి పని అదే.

క్వయర్‌లో నలుగురికి స్టాఫ్ రాదు, స్వరాలే వచ్చు. వాళ్ళకోసం ప్రతి గుండు కింద స రి గ మ లు కావాలి. మ్యూజ్‌స్కోర్‌లో సాహిత్యం రాసేటప్పుడు ఎంటర్ కొడితే రెండో చరణం వరస వస్తుంది. ఆ వరసలో స్వరాల పేర్లు పెట్టాం. చేత్తో కాదు, పైథానే. షడ్జం ఏదో నేను చెప్తే మిగతావి అది లెక్కేస్తుంది. అయితే పైన చెప్పిన పన్నెండు–పదహారు చిక్కు ఇక్కడ తగులుతుంది. స్టాఫ్‌లో అక్షరం సరిగ్గా రాసి ఉంటేనే అది రి అనాలో గ అనాలో ప్రోగ్రామ్‌కి తెలుస్తుంది. తెలుగు క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. అనుమానం వచ్చిన చోట రాగం చూసి తేల్చుకుంటున్నా. శ్రుతి పెంచితే స్టాఫ్‌లో గుండ్లన్నీ చోటు మారతాయి, కింద స్వరాలు మాత్రం కదలవు. ఆ నలుగురూ ఇది చూసి మిగతావాళ్ళని కొంచెం వెక్కిరించారు.

గమకం సంగతి మాత్రం ఏ ప్రోగ్రామ్‌లోనూ సరిగ్గా కుదరలేదు. ఇది కొత్త సమస్య కాదు. 1890లలో మద్రాసులో చిన్నస్వామి మొదలియార్ మన కృతుల్ని స్టాఫ్ నొటేషన్‌లో అచ్చువేయడం మొదలుపెట్టారు. ఆయన ప్రోద్బలం వెనక ఉండగా, ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయపురం నుంచి ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెచ్చారు. తమిళదేశంలో, తెలుగు లిపిలో. స్వరాక్షరాల మీద ఒక్కో రకం గమకానికి ఒక్కో గుర్తు పెట్టి అచ్చు వేయించారు. గొంతులో ఉన్నదాన్ని కాగితం మీదికి దించడం ఎంత పెద్ద పనో ఆ పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది. మేం నాలుగు గొంతులు కలిపి పాడేటప్పుడు గమకం ఎలాగూ తగ్గించుకుంటాం కాబట్టి, ఉన్నచోట మామూలు స్లర్ పెట్టి పక్కన తెలుగులో ‘జారు’ అని రాసేస్తున్నా.

నేను పులివెందులలో హాస్టల్‌లో ఉంటా, శనివారం ముద్దనూరు మీదుగా ఊరికి పోతా. ఇప్పటికి 97 పాటలు దాటాయి. మిగిలిన 35 పాత డాట్ ఎంయుఎస్ ఫైళ్ళు, సాహిత్యమంతా అను. వాటిని ఫినాలేలోనే ఒకసారి తెరిచి ఎగుమతి చేయాలి కాబట్టి సార్ ఇంట్లో ఆ పాత కంప్యూటర్ ముందే కూర్చోవాలి. దానికి ఫ్యాను ఒకటి బయటినుంచి పెట్టాం. సార్ మ్యూజ్‌స్కోర్‌లో సొంతంగా ఎక్కించిన మొదటి పాట పోయిన ఆదివారం పాడాం. 5 కొడితే ఇంకా ఒక బీటే పడుతున్నందుకు ఆయన చాలా సంతోషించారు.